మెడ నొప్పి ఫైల్: రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్‌లో నా అనుభవం

నాకు బ్రెస్ట్ రిడక్షన్ ఆపరేషన్ జరిగి ఐదు నెలలు దాటింది. చేయించుకోకముందు తెలుగులో ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను. దొరికినవన్నీ డాక్టర్ల వీడియోలు, అందం మాటలు. చెయ్యి ఎన్నాళ్లు ఎత్తలేం, ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారు, మామగారు ఉన్న ఇంట్లో ఈ ముచ్చట ఎట్లా ఎత్తాలి, ఇవి చెప్పినవాళ్లు కనబడలేదు. అందుకని జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను.

మాది హన్మకొండ. నాకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని, రోజంతా నిలబడే ఉద్యోగం. పెళ్లికి ముందు నుంచీ సైజు ఎక్కువే. రెండో కాన్పు తర్వాత మరీ పెరిగింది, బాబు పాలు మానేశాక కూడా తగ్గలేదు. చౌరస్తా షాపుల్లో నాకు సరిపోయే కప్పు దొరకదు. దొరికిన వాటిలో చుట్టుకొలత పెద్దది తీసుకుని సర్దుకునేదాన్ని. అలా తీసుకుంటే వెనక పట్టీ వదులై, బరువంతా భుజాల మీది పట్టీలకే వేలాడుతుంది.

మొదట డాక్టర్ దగ్గరికి వెళ్లింది నొప్పికి కాదు, ఒరుపుకు. 2023 ఎండాకాలంలో రొమ్ముల కింద మడతలో చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి, చెమట తగిలితే భగ్గున మండేది. నక్కలగుట్టలో స్కిన్ డాక్టర్ చూసి ఫంగస్ అన్నారు. క్లోట్రిమజోల్ క్రీమ్, పౌడర్ రాసి, "అక్కడ తడి లేకుండా చూసుకోండి" అన్నారు. ఏప్రిల్ ఎండల్లో, హన్మకొండలో, పైన రేకులున్న క్లాసురూములో, తడి లేకుండా! కాటన్ రుమాళ్లు మడిచి కింద పెట్టుకునేదాన్ని, మధ్యాహ్నం బాత్రూములో మార్చుకునేదాన్ని. తగ్గేది, మళ్లీ వచ్చేది. ఆ ఏడాదీ, తర్వాతి ఏడాదీ అదే కథ.

2024లో మెడ పట్టేయడం మొదలైంది. సాయంత్రానికి భుజాలు రాయిలా బిగుసుకుపోయేవి. బోర్డు మీద రాస్తుంటే చిటికెన వేలు, పక్క వేలు తిమ్మిరెక్కేవి. ఆర్థో డాక్టర్ ఎక్స్‌రే తీయించి, మెడ ఎముకల్లో అరుగుదల మొదలైందని, బరువు తగ్గమని చెప్పారు. తగ్గాను కూడా. వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచాను, ఒకదాని మీద ఒకటి రెండు బ్రాలు వేసుకుని. ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గితే ముఖం పీక్కుపోయింది, చేతులు సన్నబడ్డాయి. "షుగర్ వచ్చిందా మేడమ్?" అని స్టాఫ్‌రూములో అడిగారు. తగ్గాల్సిన చోట మాత్రం పెద్దగా తేడా లేదు.

అసలు సంగతి పట్టుకున్నది ఫిజియోథెరపీ అమ్మాయి. మెడకు కరెంటు పెడుతూ భుజం మీద పట్టీ పడిన గాడిలో వేలు పెట్టి చూసింది. వేలు సగం లోపలికి దిగింది. "అక్కా, నేను ఎన్నిరోజులు కరెంటు పెట్టినా ఈ బరువు దిగకపోతే లాభం లేదు. ఒకసారి ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించుకో" అంది. సినిమావాళ్లు ముక్కు సరిచేయించుకునే డాక్టర్ దగ్గర నాకేం పని అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "అది డేంజర్ కాదు కదా?" అని ఒక్క మాట అడిగి, ఆ రాత్రంతా ఫోన్లో చదువుతూ కూర్చున్నాడు. మా అమ్మ మాత్రం, "దేవుడిచ్చిన ఒళ్లు బిడ్డా, గిట్ల కోపిచ్చుకుంటరా? నాకు లేవా, నేను మొయ్యలేదా?" అంది. అమ్మ మెడ ఇప్పుడు ముందుకు ఎలా వంగిపోయిందో చూస్తూ నేనేం మాట్లాడలేదు.

ఇక మామయ్య. కరెంటాఫీసులో అకౌంట్స్ చూసి రిటైరయ్యారు. ఇంట్లో ఎవరికి ఏ డాక్టర్ చీటీ రాసినా, మందుల షాపు బిల్లు ఇచ్చినా తేదీ ప్రకారం గుచ్చి ఫైల్లో పెట్టడం ఆయన అలవాటు. నాకూ ఒక ఫైల్ ఉంది, దాని మీద ఆయన చేతిరాతతో "కోడలు - మెడ నొప్పి" అని ఉంటుంది. స్కిన్ డాక్టర్ చీటీలు కూడా అందులోనే ఉన్నాయి. అవి చదివే ఉంటారు, ఒక్కసారి కూడా అడగలేదు. ఆపరేషన్ సంగతి ఆయనకు అత్తమ్మ చెప్పింది. ఏం చెప్పిందో నేను ఇప్పటికీ అడగలేదు. మర్నాడు పొద్దున టీ తాగుతూ, "హైదరాబాద్ పోయేటప్పుడు ఫైల్ మరిచిపోకమ్మా" అన్నారు. అంతే.

2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు సర్జన్లను కలిశాం. మొదటి చోట ఆయన అయిదు నిమిషాలు చూసి పంపేశారు. కౌంటర్లో ఇచ్చిన ఎస్టిమేట్‌లో కింద 18 శాతం జీఎస్టీ అని ఒక లైను ఉంది. ఆసుపత్రి బిల్లుకు జీఎస్టీ ఏంటని అడిగితే, కాస్మెటిక్ సర్జరీకి ఉంటుందన్నారు. నా చీటీలో రాసింది మెడ నొప్పి, ఒరుపు. వాళ్ల లెక్కలో మాత్రం నేను అందం కోసం వచ్చినదాన్ని. ఆ కాగితం చూశాకే నాకు అర్థమైంది, ఈ వ్యవహారమంతా కాగితం మీద ఏం రాసి ఉందన్న దాని మీదే నడుస్తుందని.

రెండో చోట లేడీ డాక్టర్. రెండు గంటలు కూర్చోబెట్టారు కానీ లోపల ముప్పావు గంట మాట్లాడారు. నర్సమ్మను పక్కన ఉంచి, టేపుతో మెడ కింది గుంట నుంచి చనుమొన దాకా కొలిచారు. మామూలుగా 20, 22 సెంటీమీటర్లు ఉంటుందట, నాకు ఒకవైపు 33, ఇంకోవైపు 34. ముఖం రాకుండా ఫొటోలు తీసుకున్నారు, దానికి ముందే సంతకం పెట్టించుకున్నారు. తర్వాత ఏమీ దాచకుండా చెప్పారు: మచ్చలు ఉంటాయి, చనుమొన చుట్టూ ఒకటి, అక్కడి నుంచి కిందికి ఒకటి, కింద మడతలో అడ్డంగా ఒకటి. స్పర్శ తగ్గొచ్చు, పూర్తిగా పోనూవచ్చు. తర్వాత పిల్లలు పుడితే పాలు ఇవ్వలేకపోవచ్చు. "ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆగండి" అన్నారు. మాకు ఆ ఆలోచన లేదు. బరువు కొన్నాళ్లు స్థిరంగా ఉండాలన్నారు. సిగరెట్ తాగుతారా అని కూడా అడిగారు. నేను నవ్వితే, "అందరినీ అడుగుతా. పొగ తాగితే గాయం మానదు" అన్నారు.

మామయ్య ఫైల్ ఆవిడ చేతికిస్తే ఒక్కో కాగితం తిప్పి చూసి, "ఇవి ఎవరు పెట్టారు?" అని అడిగారు. రెండేళ్ల క్రీములు, ఫిజియోథెరపీ రసీదులు, ఎక్స్‌రే, బరువు తగ్గిన లెక్క అన్నీ ఉండటం ఇన్సూరెన్స్‌కు పనికొస్తుందన్నారు. మీకు ఈ ఇబ్బంది ఉంటే ఆపరేషన్ ఆలోచన ఇంకా రాకపోయినా ఒకటి చేయండి. డాక్టర్‌కు నోటితో చెప్పి ఊరుకోకుండా, "రొమ్ముల బరువు వల్ల" అన్న మాట చీటీలో రాయమని అడగండి. నా ఆర్థో చీటీల్లో ఒక్కదాంట్లో కూడా ఆ మాట లేదు, ఫిజియో అమ్మాయి రాసిన కాగితంలో ఉంది.

ఎప్పుడు చేయించుకోవాలన్నది స్కూలు సెలవులను బట్టి తేల్చాం. ఎండాకాలం సెలవులు ఎక్కువే కానీ ఆ ఉక్కలో బిగుతు బ్రా, బ్యాండేజీ ఊహించుకుంటేనే భయమేసింది. దసరా సెలవులకు ఖాయం చేశాం. డాక్టర్ ఇచ్చిన తేదీ సెప్టెంబర్ 23. బతుకమ్మ రోజులు, పైగా మంగళవారం. అమ్మ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. "మంగళారం నాడు కత్తి పెట్టించుకుంటవా?" ఆ తేదీ వదిలితే మళ్లీ సంక్రాంతికే అని చెప్పి ఒప్పించాం.

ఆగస్టులో ఇన్సూరెన్స్ రగడ మొదలైంది. మా ఆయన కంపెనీ పాలసీలో మా కుటుంబానికి ఐదు లక్షలు ఉంది. ఆసుపత్రివాళ్లు క్యాష్‌లెస్‌కు (మనం కట్టకుండా బిల్లు కంపెనీయే నేరుగా కట్టేది) పంపితే అదే రోజు తిప్పికొట్టారు, "కాస్మెటిక్ సర్జరీ, వర్తించదు" అని. ఆ రాత్రి మామయ్య పాలసీ కాగితాలన్నీ ముందేసుకుని భూతద్దంతో చదివారు. నేను వంటింట్లో ఉన్నాను. హాల్లో కొడుకుకు బిగ్గరగా చదివి వినిపిస్తున్నారు. వర్తించని వాటి జాబితాలో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ ఉంది నిజమే, కానీ అదే వాక్యం చివర మినహాయింపు ఉంది: యాక్సిడెంట్, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసే ఆపరేషన్లకు, ఇంకా ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ఉన్న ముప్పును తొలగించడానికి వైద్యపరంగా అవసరమైన చికిత్సకు ఇవ్వాలి. ఆ అవసరాన్ని చూసే డాక్టర్ ధ్రువీకరించాలి. ఇది ఒక్క కంపెనీ సొంత మాట కాదు, ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకేలా పెట్టిన షరతు. "వాళ్లు సగం వాక్యమే చదివిన్రు" అన్నారు మామయ్య. ముప్పై ఏళ్లు బిల్లులు తిప్పి పంపిన మనిషి గొంతు అది, చాలా హుషారుగా ఉంది.

డాక్టర్ లెటర్‌తో మళ్లీ పంపాం. క్యాష్‌లెస్ మళ్లీ ఇవ్వలేదు. ముందు కట్టుకోండి, రీయింబర్స్‌మెంట్‌కు పెడితే పరిశీలిస్తాం అన్నారు. ఎస్టిమేట్ రెండు లక్షల పదిహేను వేలు. దాచుకున్నది లక్ష ఉంది, మిగతాదానికి నా గొలుసు, గాజులు బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకున్నాం. ఆపరేషన్‌కు ముందు పరీక్షలు హన్మకొండలోనే చేయించుకుంటే ఖర్చు తగ్గింది: రొమ్ముల అల్ట్రాసౌండ్, రక్త పరీక్షలు, థైరాయిడ్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే అన్నీ కలిపి ఐదున్నర వేలు. నలభై దాటినవాళ్లకు మమోగ్రామ్ కూడా చేయిస్తారట.

ముందు రోజు సాయంత్రం చేరాను. మెట్టెలు రాకపోతే నర్సమ్మ సబ్బు నీళ్లు పోసి తీసింది. పొద్దున ఆపరేషన్‌కు ముందు డాక్టర్ గదిలోకి వచ్చి నన్ను నిలబెట్టి, ఊదా రంగు మార్కర్‌తో గీతలు గీశారు. టేపుతో కొలవడం, గీయడం, వెనక్కి జరిగి చూడడం, చెరిపి మళ్లీ గీయడం. జాకెట్ గుడ్డ మీద టైలర్ సుద్దతో గుర్తులు పెట్టినట్టే. పడుకుంటే ఆకారం మారిపోతుంది కాబట్టి నిలబెట్టే గీయాలట. ఇరవై నిమిషాలు అలా నిలబడడం ఆ రోజు మొత్తంలో నాకు ఎక్కువ కష్టమనిపించింది. చలి, సిగ్గు, ఆకలి మూడూ కలిసి. డాక్టర్ మాత్రం మధ్యలో స్కూలు కబుర్లు అడుగుతూనే ఉన్నారు.

ఆపరేషన్ మూడున్నర గంటలు పట్టిందని తర్వాత చెప్పారు. మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా వణుకు, గొంతు మంట, ట్యూబు వేసినందుకట. రెండుసార్లు వాంతి అయ్యింది. రెండు పక్కలా సన్నని గొట్టాలు, వాటి చివర రక్తం నీరు చేరే డబ్బాలు. బాత్రూముకు వెళ్తే వాటిని కూడా మోసుకెళ్లాలి. మా అక్క ఒక గుడ్డ సంచి కుట్టుకొచ్చింది, మెడలో వేసుకునేలా. నర్సమ్మ చూసి, మెడకు వద్దు, నైటీకి పిన్ను పెట్టుకోమంది. నొప్పి నేను భయపడినంత లేదు. బిగుతే ఎక్కువ, ఊపిరి గట్టిగా తీస్తే కుట్లు లాగేవి. రెండో రోజు డబ్బాలు తీసేశారు, గురువారం ఇంటికి పంపారు. బిల్లు రెండు లక్షల ఎనిమిది వేలు. కుడివైపు 640 గ్రాములు, ఎడమవైపు 710 గ్రాములు తీశారు. తీసిన భాగాన్ని బయాప్సీకి (క్యాన్సర్ లాంటిది ఉందేమో చూసే ల్యాబు పరీక్షకు) పంపడం మామూలేనని ముందే చెప్పారు. అయినా రిపోర్టు వచ్చేదాకా ఉన్న టెన్షన్ ఆపరేషన్‌కు కూడా లేదు.

హన్మకొండ వెంటనే రాకుండా ఉప్పల్‌లో అక్క ఇంట్లో ఉన్నాం, చెకప్‌లకు దగ్గరని. ఎవరూ చెప్పని సంగతులన్నీ అక్కడే తెలిశాయి. వెల్లకిలా తప్ప పడుకోకూడదు, వెనక మూడు దిండ్లు పెట్టి సగం కూర్చున్నట్టు పడుకుంటే తెల్లారేసరికి నడుం పట్టేసేది. ముందు జిప్పు ఉన్న నైటీలు తప్ప ఏవీ పనికిరావు, తల మీద నుంచి వేసుకునేవి కుదరవు. నొప్పి మాత్రలకు నాలుగు రోజులు విరేచనం కాలేదు. నాకైతే కుట్ల కంటే ఆ బాధే ఎక్కువైంది. మాత్రలతో పాటు దానికి సిరప్ కూడా మొదటి రోజే అడిగి రాయించుకోండి. సర్జికల్ బ్రా రాత్రీ పగలూ వేసుకోవాలి, ఒకటి ఉతికితే మార్చుకోవడానికి ఇంకోటి కావాలి. ఒక్కొక్కటి పద్దెనిమిది వందలు. తలస్నానం అక్క చేయించింది, వాష్‌బేసిన్ ముందు కుర్చీ వేసి, వెనక్కి వాల్చి.

సద్దుల బతుకమ్మ నాడు అపార్ట్‌మెంట్ కింద పేర్చి ఆడుతుంటే కుర్చీలో కూర్చుని చూశాను. చప్పట్లు కొట్టడానికి కూడా చేతులు కూడలేదు. పక్క ఫ్లాటామె వచ్చి ఏమైందంటే, అక్క తడుముకోకుండా "మెడ ఆపరేషన్" అంది. ఆమె నా మెడ ముందూ వెనకా చూసి, "కట్టు లేదేంది?" అంది. "లోపల నుంచి చేసిన్రు" అని అక్క. తర్వాత హన్మకొండలో వాడ వాడకూ ఇదే జవాబు చెప్పాం.

అక్టోబర్ 7న చనుమొన చుట్టూ ఉన్న కుట్లు తీశారు, మిగతావి లోపలే కరిగిపోయేవి. బయాప్సీ రిపోర్టు కూడా ఆ రోజే చేతికొచ్చింది, భయపడాల్సింది ఏమీ లేదు. అదే రోజు కారులో బయల్దేరాం. సీటు బెల్టుకు, నాకు మధ్య దిండు పెట్టుకున్నాను. హైవే బాగానే ఉంది, ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్లు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

మూడో వారంలో ఎడమవైపు, నిలువు కుట్టూ అడ్డం కుట్టూ కలిసే చోట చిన్నగా విచ్చుకుంది. అర సెంటీమీటరు ఉంటుందేమో, పసుపుపచ్చ నీరు. నా గుండె జారిపోయింది. ఫొటో పంపితే డాక్టర్, "అక్కడ లాగుడు ఎక్కువ, చాలామందికి అలా అవుతుంది. జ్వరం, ఎర్రదనం, వాసన ఉంటే వెంటనే రండి, లేకపోతే డ్రెస్సింగ్ చాలు" అన్నారు. మా వీధిలో ఉండే నర్సు రోజూ సాయంత్రం వచ్చి కట్టు మార్చింది. మూడు వారాలకు మానింది. ఆ రోజుల్లో మధ్యమధ్య కరెంటు షాక్ కొట్టినట్టు చురుక్కుమనేది, నరాలు కోలుకుంటున్నాయట.

అక్టోబర్ చివర స్కూలుకు వెళ్లాను. పోయిన రోజులకు జీతం కోత పడింది. చెయ్యి భుజం పైకి ఎత్తొద్దన్నారు కాబట్టి బోర్డు కింది సగంలోనే రాసేదాన్ని. "మేడమ్, కనబడ్తలేదు" అని వెనక బెంచీల గోల. చివరికి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి, నేను చెబుతుంటే పై సగంలో రాయడం మొదలుపెట్టింది. వేళ్ల తిమ్మిరి పోయిందని గమనించింది కూడా క్లాసులోనే, నవంబర్లో ఎప్పుడో, నేనే పైదాకా రాస్తుంటే. మెడ నొప్పి పూర్తిగా పోలేదు. అరిగిన ఎముక అరిగినట్టే ఉంటుంది కదా. ఇదివరకటి నొప్పిలో పావు వంతు ఉందనుకోండి. ఒరుపు మళ్లీ రాలేదు. ఎడమ చనుమొనలో స్పర్శ ఇంకా సగమే.

క్లెయిమ్ ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలోపే వేశాం. రెండు వారాలకు ప్రశ్నలు వచ్చాయి: ముందు ఏ చికిత్స తీసుకున్నారు, ఆపరేషన్ అవసరమని డాక్టర్ సర్టిఫికెట్, బయాప్సీ రిపోర్టు, ఫొటోలు. ఫొటోలు అనగానే నాకు ఏడుపొచ్చింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు చూస్తారు కదా. డాక్టర్ క్లినిక్ వాళ్లే కవర్లో పెట్టి సీలు వేసి ఇచ్చారు. మామయ్య ఆ కవర్ మీద "డాక్టర్ ఫొటోలు - ఇంట్లో తెరవరాదు" అని ఎర్ర ఇంకుతో రాసి ఫైల్లో పెట్టి పంపారు. ఈసారి కూడా కాదంటే కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ సెల్‌కు, నెల రోజుల్లో సమాధానం రాకపోతే హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) రాయడానికి ఉత్తరం డ్రాఫ్టు కూడా తయారుగా ఉంచారు. అంబుడ్స్‌మన్‌కు ఫీజు ఉండదు, లాయర్ అక్కర్లేదు. ఆ ఉత్తరం అవసరం పడలేదు. జనవరి రెండో వారంలో లక్షా డెబ్బై ఒక్క వేల చిల్లర పడింది. గ్లవ్స్, దూది లాంటి వాటికి, రిజిస్ట్రేషన్‌కు, ఇంకా నాకు అర్థం కాని రెండు పద్దులకు కోత పెట్టారు. ఆ పద్దుల మీద మామయ్య ఇంకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.

జాకెట్లు వెంటనే కుట్టించుకోకండి. వాపు పూర్తిగా తగ్గి ఆకారం నిలవడానికి ఆరు నెలలన్నా పడుతుందని డాక్టర్ అన్నారు. నేను మూడు పాత జాకెట్లు మాత్రం బిగింపించుకున్నాను, ఒక్కోదానికి నూరు రూపాయలు. మచ్చల మీద వేసుకోవడానికి సిలికాన్ షీట్లు ఇచ్చారు. చలికాలమంతా బాగానే అతుక్కున్నాయి, ఇప్పుడు ఎండలు ముదురుతున్న కొద్దీ పదకొండు గంటలకే చెమటకు ఊడి బ్రాలో ముడుచుకుపోతున్నాయి. ఫోన్ చేస్తే, పగలు వద్దు, రాత్రి పడుకునే ముందు జెల్ రాసుకోమన్నారు.